కిస్తీలు పోగా మిగిలేదే డివిడెండ్

ఒడిశాలోని కొరాపుట్ జిల్లా దామన్‌జోడిలో ప్రభుత్వ రంగ సంస్థ నాల్కో అల్యూమినా శుద్ధి కర్మాగారం ఉంది. అదే జిల్లాలో, జయపురం దగ్గర, సేవా కాగితపు మిల్లు ఉంది. ఈ మిల్లును నడిపింది బల్లార్‌పూర్ ఇండస్ట్రీస్. మన వాడుకలో బిల్ట్. దాని అసలు మిల్లు ఇటు మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా బల్లార్షాలోనూ, రేయాన్ గుజ్జు తీసే మిల్లు గోదావరి పక్కన కమలాపురంలోనూ ఉండేవి. నాల్కో వాటాదారులకు ఏళ్ల తరబడి డివిడెండ్, అంటే లాభంలో వాటా, పంచుతూ వస్తోంది. 1945లో పుట్టిన బిల్ట్ 2020లో దివాలా పరిష్కార ప్రక్రియలోకి వెళ్లింది. రాయగడ, జయపురం, బరంపురం, సిరొంచా, చాందా ప్రాంతాల తెలుగు కుటుంబాల్లో చాలామందికి ఈ కర్మాగారాలు పక్కింటి పేర్లే. ఫ్యాక్టరీ నడుస్తోంది, లారీలు తిరుగుతున్నాయి, కాబట్టి షేరు కొంటే డివిడెండ్ వస్తుందన్న నమ్మకం ఆ చనువు నుంచే పుడుతుంది. ఆ నమ్మకానికీ డివిడెండ్‌కూ నడుమ రెండు లెక్కలు ఉన్నాయి. ఒకటి లాభం, రెండోది అప్పు. పంచుకునే అర్హతను లాభం ఇస్తుంది. ఎంత పంచాలో, అసలు పంచాలో వద్దో తేల్చేది చాలాసార్లు అప్పే.

ముందుగా అర్హత సంగతి. 2013 కంపెనీల చట్టం 123వ సెక్షన్ ప్రకారం డివిడెండ్ ఈ ఏటి లాభం నుంచి గానీ, గత ఏళ్లలో పంచకుండా మిగిల్చిన లాభం నుంచి గానీ ఇవ్వాలి. అదీ తరుగుదల, అంటే యంత్రాలు, భవనాల అరుగుదల ఖర్చు, రాసిన తర్వాతే. పాత నష్టాలు, అప్పట్లో రాయకుండా మిగిలిన తరుగుదల ఉంటే ఈ ఏటి లాభంలో వాటిని సర్దాకే మిగతాది చూడాలి. చేతికి రాని లాభాలు లెక్కలోకి రావు. రాయగడ రోడ్డు పక్కన ఫ్యాక్టరీ స్థలం విలువ మూడింతలైందని పుస్తకాల్లో పెంచి రాసుకున్నా, ఆ పెరుగుదల నుంచి ఒక్క రూపాయి డివిడెండ్ ఇవ్వకూడదు.

అర్హత ఉన్నంత మాత్రాన కంపెనీలు లాభం పెరిగినంత వేగంగా డివిడెండ్ పెంచవు. 1956లో జాన్ లింట్నర్ అనే అమెరికన్ ఆర్థికవేత్త 28 కంపెనీల యాజమాన్యాలతో మాట్లాడి తేల్చిన విషయమిది. ఒకసారి పెంచిన డివిడెండ్‌ను మళ్లీ తగ్గించాల్సి రావడం యాజమాన్యాలకు బొత్తిగా ఇష్టం ఉండదు. అందుకే పెరిగిన లాభం నిలబడుతుందని నమ్మకం కుదిరేదాకా కొంచెం కొంచెంగానే పెంచుతారు. నాల్కో లెక్కల్లో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. 2023-24లో కంపెనీ నికర లాభం సుమారు 2,060 కోట్లు, డివిడెండ్ 5 రూపాయల ముఖ విలువ షేరుకు 5 రూపాయలు. అంటే మొత్తం 918 కోట్లు, లాభంలో దాదాపు 45 శాతం. మరుసటి ఏడు ప్రపంచ మార్కెట్లో అల్యూమినా ధర బాగా ఎగిసి లాభం 5,325 కోట్లకు చేరింది. డివిడెండ్ షేరుకు 10.50 అయింది, మొత్తం సుమారు 1,928 కోట్లు. చేతికొచ్చిన డబ్బు రెట్టింపు దాటినా, లాభంలో వాటాగా చూస్తే 36 శాతానికి తగ్గింది. లాభం రెండున్నర రెట్లు దాటితే డివిడెండ్ రెండు రెట్ల దగ్గరే ఆగింది. దీన్ని పిసినారితనం అనుకోవడం పొరపాటు. అల్యూమినా ధర ఆ ఎత్తులో ఉండిపోదని తెలిసిన కంపెనీ చేసే పనే ఇది. పైగా దామన్‌జోడిలో శుద్ధి కర్మాగారానికి ఏటా 10 లక్షల టన్నుల అయిదో స్ట్రీమ్ (ఉత్పత్తి వరుస), దానికి బాక్సైట్ అందించే పొట్టంగి గని అప్పటికి ముందున్న ఖర్చులు. ఆ డబ్బు అప్పు చేసి తేవాలా, మిగులు లాభంతో కట్టాలా అన్న నిర్ణయం డివిడెండ్ సంఖ్యలోనే దాగి ఉంటుంది.

ప్రభుత్వ రంగ సంస్థ కాబట్టి నాల్కోకు మరో లెక్క కూడా ఉంది. కేంద్రం 2016లో పెట్టిన నియమం ప్రకారం ప్రభుత్వ సంస్థలు నికర లాభంలో 30 శాతం గానీ, నికర విలువలో (ఆస్తుల్లోంచి అప్పులు పోగా మిగిలేదానిలో) 5 శాతం గానీ, ఏది ఎక్కువైతే అది డివిడెండ్‌గా ఇవ్వాలి. 2024 నవంబరులో ఆ 5 శాతాన్ని 4 శాతం చేశారు. లాభం పడిపోయిన ఏడు నికర విలువ లెక్కే పెద్దదై నిలుస్తుంది. ప్రభుత్వ సంస్థల డివిడెండ్ చెడ్డ ఏళ్లలోనూ ఒక్కసారిగా సున్నాకు రాకపోవడానికి ఇదొక కారణం. ప్రైవేటు కంపెనీకి ఇలాంటి కనీస హద్దు లేదు.

ఇక అప్పు. ఒకే రకం ఫ్యాక్టరీని ఇద్దరు కట్టారనుకుందాం. ఇద్దరికీ ఖర్చు 600 కోట్లు. మొదటి కంపెనీ మొత్తం వాటా మూలధనంతో కట్టింది: 10 రూపాయల షేర్లు 60 కోట్లు. రెండోది 200 కోట్లు వాటాలతో, 400 కోట్లు 10 శాతం వడ్డీకి బ్యాంకు అప్పుతో కట్టింది: షేర్లు 20 కోట్లు, అప్పు తీర్చే గడువు 8 ఏళ్లు. సరుకు ధర బాగున్న ఏడు ఇద్దరికీ నిర్వహణ లాభం (తరుగుదల, వడ్డీ, పన్ను తీయక ముందు) 100 కోట్లు, తరుగుదల 20 కోట్లు, పన్ను 25 శాతం. మొదటి కంపెనీకి నికర లాభం 60 కోట్లు, షేరుకు ఒక రూపాయి. రెండోది 40 కోట్ల వడ్డీ కట్టాక మిగిలిన 40 కోట్లపై పన్ను పోను 30 కోట్లు తెస్తుంది. షేర్లు మూడో వంతే కాబట్టి షేరుకు రూపాయిన్నర. షేరుకు లాభం అన్న ఒక్క అంకె చూసేవారికి రెండో కంపెనీయే మేలుగా కనిపిస్తుంది.

ఇప్పుడు డబ్బు ఎంత మిగిలిందో చూడాలి. రెండో కంపెనీ నికర లాభం 30 కోట్లు, చేతి నుంచి బయటికి పోని తరుగుదల 20 కోట్లు, కలిపి 50. ఆ ఏడు కట్టాల్సిన అసలు కిస్తీ కూడా 50 కోట్లే. మిగిలింది సున్నా. షేరుకు రూపాయిన్నర లాభం చూపిన కంపెనీ దగ్గర డివిడెండ్‌కు పైసా లేదు. రూపాయి లాభం చూపిన కంపెనీ దగ్గర 80 కోట్లు ఉన్నాయి. అందులో కొంత యంత్రాల మార్పిడికి పక్కన పెట్టినా ధారాళంగా పంచవచ్చు. ఆ మరుసటి ఏడు ధర పడి నిర్వహణ లాభం సగమైతే, అంటే 50 కోట్లకు వస్తే, మొదటి కంపెనీ లాభం 22.5 కోట్లకు తగ్గుతుంది, డివిడెండ్ తగ్గుతుంది, కథ అంతటితో సరి. రెండోది, ఒక కిస్తీ తీరి వడ్డీ 35 కోట్లకు తగ్గినా, 5 కోట్ల నష్టంలో పడుతుంది, 50 కోట్ల కిస్తీ మాత్రం అలాగే నిలబడి ఉంటుంది. తరుగుదల కలుపుకున్నా చేతిలో ఉన్నది 15 కోట్లు, కొరత 35 కోట్లు. అల్యూమినా, కాగితం, ఇనుము, బొగ్గు లాంటి సరుకుల్లో ధర సగానికి పడకపోయినా నిర్వహణ లాభం సగానికి పడటం అసాధారణం కాదు. ఖర్చులు ధరతో పాటు తగ్గవు కదా. సరిహద్దు జిల్లాల పరిశ్రమలన్నీ దాదాపు ఇలాంటి సరుకులవే కాబట్టి, ఇక్కడి కంపెనీల డివిడెండ్ విషయంలో అప్పు లెక్కను ముందు చూడాలి, లాభం లెక్కను తర్వాత చూడాలి.

కంపెనీలు అప్పు ఎందుకు చేస్తాయో కూడా తెలియాలి. వడ్డీ ఖర్చు కిందికి వస్తుంది, పన్నుకు ముందే తీసేస్తారు. డివిడెండ్ పన్ను కట్టాక మిగిలిన దాంట్లోంచి ఇచ్చేది. కాబట్టి మితమైన అప్పు వాటాదారుకు మేలే చేస్తుంది. ఏ స్థాయి మితం అన్నది వ్యాపారం ఒడుదుడుకులను బట్టి ఉంటుంది. ఏడాదంతా ఒకే రాబడి ఉండే విద్యుత్ సరఫరా కంపెనీ మోయగల అప్పును కాగితపు మిల్లు మోయలేదు.

బ్యాంకులు ఈ సంగతి మనకంటే ముందే గ్రహిస్తాయి. టర్మ్ లోన్ (గడువులోగా కిస్తీల్లో తీర్చే అప్పు) ఒప్పందంలో డివిడెండ్‌పై షరతులు సాధారణంగా ఉంటాయి. కిస్తీ గానీ వడ్డీ గానీ బకాయి పడి ఉంటే డివిడెండ్ ఇవ్వకూడదన్నది ఎక్కువగా కనిపించేది. కొన్ని ఒప్పందాలు ఆ ఏటి లాభం నుంచే ఇవ్వాలంటాయి, పాత రిజర్వులు (గతంలో పంచకుండా దాచిన లాభాలు) ముట్టుకోనివ్వవు. కొన్నిట్లో నికర అప్పు నిర్వహణ లాభానికి ఇన్ని రెట్లు దాటితే బ్యాంకు రాతపూర్వక అనుమతి కావాలి. జల, సౌర విద్యుత్ ప్రాజెక్టుల్లో ఇంకా కట్టుదిట్టం. వచ్చే డబ్బంతా బ్యాంకు అదుపులోని ఒక ఖాతాలో పడుతుంది. అక్కడి నుంచి పన్నులు, నిర్వహణ ఖర్చులు, వడ్డీ, అసలు, రాబోయే కొన్ని నెలల కిస్తీకి నిల్వ, ఈ వరుస పూర్తయ్యాకే వాటాదారు వంతు. మదుపరులకు ఒప్పందం నేరుగా దొరకదు. కానీ వార్షిక నివేదికలో అప్పుల వివరాల కింద షరతులు ఉల్లంఘించారా లేదా అన్నది, ఆడిటరు నివేదిక అనుబంధంలో కిస్తీల బకాయిలు ఉన్నాయా అన్నది ఉంటాయి. డివిడెండ్ ప్రకటన కంటే ఈ రెండు చోట్లు ముందు చదవడం మంచిది.

పక్కింటి ఫ్యాక్టరీ లాభం ఎవరి జేబులోకి వెళుతుందన్నది ఇక్కడి మదుపరులు తరచూ తప్పు పడే చోటు. రాయగడ జిల్లా కాశీపూర్ ప్రాంతంలోని ఉత్కళ్ అల్యూమినా మొత్తం హిందాల్కోది. బల్లార్షా, ఘుగుస్ బొగ్గు గనుల డబ్ల్యూసీఎల్ (వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్) మొత్తం కోల్ ఇండియాది. వీటి షేర్లు బయట దొరకవు. ఉత్కళ్ ఎంత బాగా నడిచినా మదుపరుకు డివిడెండ్ హిందాల్కో నుంచే రావాలి. హిందాల్కో నెత్తిన 2007లో కొన్న నోవెలిస్ తెచ్చిన విదేశీ అప్పులు, ఇప్పుడు కడుతున్న కొత్త ప్లాంట్ల ఖర్చు ఉన్నాయి. 2023-24లో ఆ సంస్థ ఉమ్మడి లాభం 10,155 కోట్లు, డివిడెండ్ షేరుకు 3.50. లాభంలో 8 శాతం లోపే. అప్పును అదుపులో ఉంచి విస్తరణకు డబ్బు మిగుల్చుకోవడం దాని ఎంపిక. డివిడెండ్ ఆదాయం మీద ఆధారపడే రిటైర్డ్ ఉద్యోగికి ఈ షేరు సరిపోదు. ఎదుగుదల కోరుకునేవారికి సరిపోవచ్చు.

అప్పు ఎప్పుడూ డివిడెండ్‌ను తగ్గిస్తుందనుకోవడం కూడా సగం నిజమే. అప్పు ఎవరి నెత్తిన ఉందన్నది అసలు ప్రశ్న. రాయగడ జిల్లా హద్దు దాటగానే కలాహండిలో లాంజిగఢ్ శుద్ధి కర్మాగారం నడిపిన వేదాంతా సంగతి చూడండి. 2022-23లో ఆ కంపెనీ రూపాయి ముఖ విలువ షేరుకు 101.50 డివిడెండ్ ఇచ్చింది. మొత్తం సుమారు 37,700 కోట్లు. ఆ ఏడు వాటాదారులకు చెందిన లాభం 10,574 కోట్లే. లాభానికి మూడున్నర రెట్లు! పాత రిజర్వులు, చేతి కింది హిందుస్థాన్ జింక్ ఇచ్చిన భారీ డివిడెండ్‌లు దీనికి దారిచ్చాయి. అప్పట్లో మూడింట రెండు వంతులకు పైగా వాటా ఉన్న లండన్ మాతృసంస్థ వేదాంతా రిసోర్సెస్ తన అప్పులు తీర్చుకోవడానికి ఆ డబ్బు అవసరమైంది. ఇక్కడ అప్పు డివిడెండ్‌ను పెంచింది. కానీ అదే ఏడాదిలో భారత కంపెనీ నికర అప్పు రెట్టింపు దాటింది. ఇలాంటి ఏడు వచ్చిన డివిడెండ్‌ను షేరు ధరతో భాగించి, ఇంత శాతం రాబడి అని మళ్లీ ఏటా ఆశించడం తప్పు లెక్క. ప్రమోటర్ సంస్థకు అప్పు ఎంత, ఏ ఏడు ఎంత తీర్చాలి, ప్రమోటర్ షేర్లు తాకట్టులో ఉన్నాయా అన్నవి చూస్తే డివిడెండ్ ఎందుకు వస్తోందో, ఎప్పటిదాకా వస్తుందో అంచనాకు అందుతుంది.

బిల్ట్ దీనికి మరో కొస. 2007లో మలేషియాలో సబా ఫారెస్ట్ ఇండస్ట్రీస్ కొనడంతో, ఇక్కడి మిల్లుల విస్తరణతో అప్పు పెరిగింది. రాబడి దానికి తగ్గట్టు పెరగలేదు. కమలాపురం మిల్లు 2014లో ఆగింది. కాగితపు పరిశ్రమలో ముడికలప ధర, బొగ్గు ధర, దిగుమతి కాగితం పోటీ ఇవన్నీ అందరికీ ఉన్న కష్టాలే. అయితే జేకే పేపర్ అదే కాలంలో రాయగడ జయకేపూర్ మిల్లు నడుపుతూనే 2018లో, మూతపడ్డ కాగజ్‌నగర్ సిర్పూర్ మిల్లును దివాలా ప్రక్రియలో కొనగలిగింది. కంపెనీ ఆస్తులు అమ్మి పంచే దశకు వస్తే వరుస ఇలా ఉంటుంది: ప్రక్రియ ఖర్చులు, ఆ తర్వాత తాకట్టు పెట్టుకున్న బ్యాంకులూ కార్మికుల 24 నెలల బకాయిలూ సమానంగా, ఆ తర్వాత ఇతర ఉద్యోగుల బకాయిలు, తాకట్టు లేని అప్పులు, ప్రభుత్వ బకాయిలు, ప్రిఫరెన్స్ షేర్లు. మామూలు వాటాదారు చిట్టచివర. సాధారణంగా అక్కడిదాకా ఏమీ రాదు.

షేర్ మార్కెట్‌లో లేని కంపెనీలకూ ఈ లెక్కే వర్తిస్తుంది, ఇంకా ముడిగా. జయపురం, రాయగడ చుట్టుపక్కల కుటుంబాల చేతిలోని రైస్ మిల్లులు చాలావరకు ప్రభుత్వ ధాన్యం ఆడించి బియ్యం అప్పగించేవి. క్వింటాలు ధాన్యానికి ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు ఇవ్వాలి. మిల్లింగ్ చార్జీలు, రవాణా, గోనె సంచుల బిల్లులు రావడానికి నెలలు పడుతుంది. అలాంటి ఒక ప్రైవేట్ లిమిటెడ్ మిల్లు లెక్క చూద్దాం. నిర్వహణ లాభం 240 లక్షలు, తరుగుదల 60, వడ్డీ 55 లక్షలు. అందులో టర్మ్ లోన్ వడ్డీ 25, సీసీ లిమిట్ (రోజువారీ అవసరాలకు బ్యాంకు ఇచ్చే క్యాష్ క్రెడిట్) వడ్డీ 30. పన్నుకు ముందు లాభం 125 లక్షలు, పన్ను సుమారు 31.5, నికర లాభం 93.5 లక్షలు. తరుగుదల కలిపితే 153.5. టర్మ్ లోన్ అసలు కిస్తీలు 80 లక్షలు. బ్యాంకు చూసే డీఎస్‌సీఆర్ (అప్పు కట్టగల శక్తిని కొలిచే నిష్పత్తి) లెక్కలో నికర లాభం, తరుగుదల, టర్మ్ లోన్ వడ్డీ కలిపి 178.5; దాన్ని వడ్డీ, అసలు కలిపిన 105తో భాగిస్తే 1.70. బ్యాంకులు మామూలుగా 1.5 దాకా ఆశిస్తాయి కాబట్టి కాగితం మీద ఇది మంచి మిల్లు. ఇంట్లో నలుగురు డైరెక్టర్లూ కలిసి 30 లక్షలు డివిడెండ్ తీసుకుందామనుకుంటారు.

డబ్బు మాత్రం లేదు. 153.5లో కిస్తీలు పోగా 73.5. ఈ ఏడు రావలసిన బిల్లులు 50 లక్షలు పెరిగాయి, మిగిలింది 23.5. పాత కలర్ సార్టర్ (రంగు మారిన గింజలు ఏరే యంత్రం) మార్చడానికి 20 లక్షలు, మిగిలింది 3.5. ఆ 30 లక్షలు ఇస్తే 26.5 లక్షలు సీసీ లిమిట్ నుంచి వస్తాయి. ధాన్యం సీజను మొదలయ్యే సరికి లిమిట్ నిండి ఉంటుంది, బయటి వడ్డీకి తేవలసి వస్తుంది. డీఎస్‌సీఆర్ ఈ ప్రమాదాన్ని పట్టుకోలేదు, ఎందుకంటే బకాయిల పెరుగుదల ఆ లెక్కలోకి రాదు.

డివిడెండ్ బదులు కంపెనీ నుంచి ఇంట్లోవాళ్లు చేబదులుగా తీసుకుంటే పోలేదా అన్న ఆలోచన చాలా చోట్ల ఉంది. ఇది ఇంకా ప్రమాదం. పది శాతం, ఆపైన ఓటు హక్కు ఉన్న వాటాదారుకు ఇలాంటి కంపెనీ అప్పు ఇస్తే, కంపెనీ దగ్గర పోగైన లాభాల మేరకు దాన్ని డివిడెండ్‌గానే ఆదాయపు పన్ను చట్టం లెక్కిస్తుంది. పన్ను వాటాదారు శ్లాబ్ ప్రకారం పడుతుంది. తర్వాత డబ్బు తిరిగి కట్టేసినా ఆ పన్ను పోదు.

నష్టం వచ్చిన ఏడు పాత రిజర్వుల నుంచి ఇవ్వాలనుకుంటే 2014 నిబంధనల్లో హద్దులు ఉన్నాయి. పై మిల్లుకే చెల్లించిన మూలధనం 2 కోట్లు, స్వేచ్ఛా రిజర్వులు 3 కోట్లు, ఈ ఏటి నష్టం 15 లక్షలు, గత మూడేళ్ల డివిడెండ్ 10, 12, 8 శాతం అనుకుందాం. రిజర్వుల నుంచి తీయగలిగేది మూలధనం, రిజర్వుల మొత్తంలో పదో వంతు, అంటే 50 లక్షలు. అందులో ముందు 15 లక్షల నష్టం సర్దాలి. మిగిలిన 35 లక్షలూ ఇవ్వడానికి లేదు. మూడేళ్ల సగటు 10 శాతం దాటకూడదు కాబట్టి గరిష్ఠం 20 లక్షలు. తీశాక రిజర్వులు మూలధనంలో 15 శాతం కంటే, అంటే 30 లక్షల కంటే తగ్గకూడదు. ఇక్కడ ఆ ఇబ్బంది లేదు. ఈ చట్టపు హద్దుల్లో ఎక్కడా బ్యాంకు కిస్తీ ప్రస్తావన లేదు. చట్టం ఒప్పుకున్నా ఒప్పందం ఒప్పుకోకపోవచ్చు.

అందుకే ప్రకటన క్రమం ముఖ్యం. ముందు బ్యాంకు నుంచి రాతపూర్వక అనుమతి, తర్వాత బోర్డు సిఫారసు, ఆ తర్వాత వార్షిక సర్వసభ్య సమావేశం. సభ్యులు సిఫారసును తగ్గించగలరు, పెంచలేరు. సమావేశం ఆమోదించిన 5 రోజుల్లో మొత్తం డబ్బు విడి బ్యాంకు ఖాతాలో వేయాలి, 30 రోజుల్లో అందరికీ చేరాలి. చేరకపోతే 18 శాతం వడ్డీ, తెలిసీ ఆపిన డైరెక్టర్లపై చర్య. బ్యాంకు అభ్యంతరం సమావేశం అయ్యాక వస్తే వెనక్కి తీసుకునే దారి లేదు. ప్రకటించిన తుది డివిడెండ్ ఆ క్షణం నుంచి కంపెనీ తన వాటాదారులకు పడ్డ అప్పు.